కళ్లు మూసుకుని ఎన్నేళ్లు ప్రయాణం చేస్తారు?

“మేడమ్, మా సొంత ఊరు విజయవాడ. పెళ్లయినప్పటి నుంచి కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా బాబుకు వచ్చే నెలతో పద్దెనిమిది నిండుతాయి. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వస్తే కారు కొనిస్తానని మా వారు మాట ఇచ్చారు. ర్యాంకు వచ్చింది. కాలేజీ ఇంటికి ముప్పై కిలోమీటర్లు. మా వారు పెద్ద ఎస్‌యూవీ కొందామంటున్నారు, బండి ఎత్తుగా ఉంటే ఏమీ కాదట. మా తమ్ముడేమో మొదట పాత చిన్న కారు చాలు, గీతలు పడినా బాధ ఉండదంటాడు. బాబుకు సన్‌రూఫ్ కావాలి. నాకు మాత్రం గుండె దడగా ఉంది. బాబుకు డ్రైవింగ్ బాగానే వచ్చు. పదహారో ఏటి నుంచే వాళ్ల నాన్న సెలవుల్లో ఔటర్ మీద నేర్పించారు. ఆయన కూడా చాలా బాగా నడుపుతారు, విజయవాడకు మూడు గంటల పది నిమిషాల్లో తీసుకెళతారు. అప్పుడు నేను అత్తయ్యగారితో వెనక సీటులో కళ్లు మూసుకుని దుర్గమ్మను తలచుకుంటూ కూర్చుంటాను. ‘అమ్మ కళ్లు మూసుకుంది, ఇంకొంచెం తొక్కు నాన్నా’ అని బాబు ఆటపట్టిస్తాడు. మా వారికి సీటు బెల్టు పడదు. శబ్దం రాకుండా బాబే ఒక క్లిప్పు తెచ్చి పెట్టాడు. బండి నడిపే మగవాడికి మాట అడ్డం వేయకూడదని అత్తయ్యగారు అంటారు. బాబుకు ఏ కారు క్షేమమో చెప్పండి.”
– ఒక తల్లి, హైదరాబాద్

అమ్మా, కారు సంగతి ముందే తేల్చేస్తాను, దానికి పెద్దగా సమయం పట్టదు. మీ తమ్ముడి సలహా పక్కన పెట్టండి. గీతల గురించి ఆలోచించాడు గానీ మేనల్లుడి గురించి ఆలోచించలేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్ల బేసిక్ మోడళ్లను ఢీకొట్టించి చూస్తే పెద్దల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయిందే 2021లో. అంతకు ముందటి బండి కొని కొత్త డ్రైవరు చేతిలో పెట్టడం పొదుపు కాదు. మీ వారి వాదన కూడా సగమే నిజం. ఎత్తుగా ఉన్న బండి వేగంగా మలుపు తిరిగితే బోల్తా పడే గుణం ఎక్కువ. మధ్యస్థంగా ఉండే కారు, మరీ దూకుడు ఇంజను లేనిది, ఆరు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, బండి జారినప్పుడు పట్టి నిలిపే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, వెనక మధ్య సీటుకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు. ఇవి ఉన్నాయో లేదో షోరూములో అడగండి. మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అని ఇలాంటి పరీక్ష 2023లో వచ్చింది, పెద్దలకు ఎన్ని స్టార్లు, పిల్లలకు ఎన్ని స్టార్లు అని విడివిడిగా ఇస్తుంది. రెండూ చూడండి. సన్‌రూఫ్ గురించి నన్ను అడగకండి. అందులోంచి తల బయటపెట్టి నిలబడే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయిపోయింది. ఇక మీరు అడగని దానికి వస్తాను.

ఆ స్టార్లు ఏ వేగం దగ్గర ఇస్తారో తెలుసా? ఎదురుగా ఢీకొట్టే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు లాంటి టోల్‌గేట్లు. అవన్నీ దాటుకుని మూడు గంటల పది నిమిషాలంటే సగటే గంటకు దాదాపు ఎనభై ఏడు పడుతుంది. కూకట్‌పల్లి నుంచి ఊరు దాటడానికే ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. అంటే చౌటుప్పల్ దాటాక మీ వారి ముల్లు నూట ఇరవై, నూట ముప్పై దగ్గర ఉండి తీరాలి. అలాంటి రోడ్డు మీద కారుకు గరిష్ఠ హద్దే వంద. వేగం రెండింతలైతే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. అరవై నాలుగు దగ్గర వచ్చిన స్టార్లు నూట ముప్పై దగ్గర మీ బాబును కాపాడతాయని ఏ కంపెనీ హామీ ఇవ్వదు. “చాలా బాగా నడుపుతారు” అని రాశారు మీరు. బాగా నడిపే మనిషి వెనక కూర్చుని ఎవరైనా కళ్లు మూసుకుంటారా తల్లీ?

చేయి తిరిగిన డ్రైవరుకు ఏమీ కాదన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిది. నందమూరి హరికృష్ణగారిని గుర్తు చేసుకోండి. తండ్రి ఎన్నికల ప్రచారంలో చైతన్యరథాన్ని రాష్ట్రమంతా నడిపిన మనిషి. డ్రైవింగు ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2018 ఆగస్టు 29 ఉదయం నెల్లూరు జిల్లా వైపు వెళుతూ నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర జరిగిన కారు ప్రమాదంలో పోయారు. తానే నడుపుతున్నారు, బండి పెద్ద ఎస్‌యూవీ. వేగంగా వెళుతున్నారనీ బెల్టు పెట్టుకోలేదనీ పోలీసులు అప్పట్లో చెప్పారు. మీరు వెనక సీటులో ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది ఖరీదైన జర్మన్ కారు వెనక సీటులో, బెల్టు లేకుండా. మీరూ మీ అత్తగారూ బెల్టు పెట్టుకుంటున్నారా? ఉత్తరంలో ఆ మాట లేదు. లేదంటే పెట్టుకోవడం లేదనే నేను అనుకుంటాను.

ఆ క్లిప్పు సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తం అక్కడే ఆగిపోయింది. బెల్టు పెట్టుకోమని కారు మొత్తుకుంటుంటే దాని నోరు నొక్కే ఇనుప ముక్క అది. 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ల నుంచి పదమూడు వేలకు పైగా ఇలాంటి క్లిప్పుల ప్రకటనలు తీసేయించింది. అయినా దొరుకుతూనే ఉన్నట్టున్నాయి. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడుగా పని చేసేదే తప్ప బెల్టుకు బదులు కాదు. బెల్టు లేని ఒళ్లు ముందుకు విసిరేసినట్టు వెళ్లి, పేలుతున్న ఎయిర్‌బ్యాగుకు ఎదురు తగిలితే అదే దెబ్బవుతుంది. అలాంటి వస్తువును కన్నకొడుకు కొని తెచ్చి తండ్రి కారులో పెట్టాడు. తండ్రి సంతోషించాడు. తల్లి చూసి ఊరుకుంది. వాడికి డ్రైవింగు నేర్పింది ఔటర్ రింగ్ రోడ్డు కాదు, మీ ముగ్గురి ఈ తీరు.

ఔటర్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. పదహారేళ్ల పిల్లవాడికి కారు స్టీరింగు ఇవ్వడం ముచ్చట కాదు, నేరం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షను ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. రెండేళ్లు ఏమీ కాకుండా గడిచింది. దాన్ని మీరు “డ్రైవింగ్ బాగానే వచ్చు” అని రాశారు.

అమ్మా, ఇంత పెద్ద ఉత్తరంలో మీ ప్రాణం గురించి ఒక్క మాట లేదు. బాబు క్షేమం, బాబు కారు, బాబు కాలేజీ. భయం మీది, ఒళ్లు మీది, వెనక సీటులో గుండె బిగబట్టుకుని కూర్చునేది మీరు. ఏళ్ల తరబడి భర్తతో “ఏమండీ, నాకు భయంగా ఉంది, నెమ్మదిగా వెళ్లండి” అని చెప్పలేకపోయి, ఆ భయాన్నంతా ఇప్పుడు కొడుకు కారు మీద పెట్టి నాకు రాశారు. నాకు కనిపించే సమస్య మీ బాబు కాదు. మీ ఇద్దరి మధ్య ఆ మాట నోటి దాకా రాకపోవడం.

పైగా ఆ మౌనం ఇప్పుడు నవ్వులాటగా మారింది. “అమ్మ కళ్లు మూసుకుంది, ఇంకొంచెం తొక్కు నాన్నా.” ఆ మాట మీరు సరదాగా రాశారేమో, నేను సరదాగా చదవలేకపోయాను. ఆడమనిషి భయపడితే ఇంకాస్త వేగం పెంచాలని వాడు నేర్చుకున్నాడు. రేపు తన కారులో ముగ్గురు స్నేహితులు ఎక్కి, వాళ్లలో ఒకమ్మాయి “కొంచెం మెల్లగా” అంటే వాడికి ఏమి వినిపిస్తుందో ఆలోచించండి. ఎల్లుండి మీరే ఫోను చేసి “జాగ్రత్త నాన్నా” అంటే?

నా సంగతి చెప్పకుండా మీకు సుద్దులు చెప్పడం న్యాయం కాదు. మాకు మారుతి 800 ఉన్న రోజుల్లో మా ఆయనకూ ఇదే పిచ్చి. అప్పటి విజయవాడ రోడ్డు ఇంత వెడల్పు కూడా కాదు, ఎదురుగా లారీలు. నేనూ మీలాగే పళ్లు బిగించుకుని కూర్చునేదాన్ని. ఒకసారి సూర్యాపేటలో టీ తాగడానికి ఆపితే, నా సంచి తీసుకుని నడుచుకుంటూ బస్టాండుకు వెళ్లి విజయవాడ బస్సు ఎక్కేశాను. గొడవ పడలేదు, ఒక్క మాట అనలేదు. కిటికీలోంచి చూస్తే మా కారు ఆ బస్సు వెనకాలే వస్తోంది, బస్సు వేగంతోనే. విజయవాడ బస్టాండు దాకా అలాగే వచ్చారు. ఇంటికి వెళ్లాక రెండు రోజులు మాట్లాడలేదనుకోండి. ఆ తర్వాత ఎనభై దాటించలేదు. మా అత్తగారు మాత్రం ఊళ్లో అందరికీ చెప్పి నా పరువు తీశారు. తీస్తే తీశారు.

మీరు బస్సు ఎక్కాలని నేను అనను. కానీ మాట్లాడాలి. కారులో మాట్లాడకండి, బాబు ముందు అసలే వద్దు. కొడుకు ఎదుట తక్కువ చేసిందన్న రోషం ఆయనకు వస్తే అసలు విషయం గాలికి పోతుంది. రాత్రి భోజనాలయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. “బాబు కోసం నెమ్మదిగా నడపండి” అని మాత్రం అనకండి. ఆ దారి మీకు సులువు, అందుకే వద్దంటున్నాను. “నాకు భయం వేస్తోంది, ఇన్నేళ్లుగా వేస్తోంది, మీకు చెప్పలేదు” అని మీ పేరుతో చెప్పండి. ఆయన నవ్వేయవచ్చు. “నా డ్రైవింగు మీద నమ్మకం లేదా” అనవచ్చు. లేదని చెప్పండి. బెల్టు పెట్టుకుని వందలోపు నడిపితేనే కారు ఎక్కుతాననీ, లేదంటే బస్సుకో రైలుకో టికెట్టు తీసుకుంటాననీ చెప్పండి. చెప్పాక ఆ మాట మీద ఉండండి. ఒక్కసారి మెత్తబడితే మళ్లీ ఎవరూ వినరు.

మీ అత్తగారి మాట గురించి. బండి నడిపే మనిషిని ఊరికే విసిగించకూడదన్నంత వరకు ఆవిడ చెప్పింది సరైనదే. కానీ ఆ పెద్దావిడ కూడా మీ పక్కనే కూర్చుంటున్నారు. ఆవిడకు భయం లేదని మీకెవరు చెప్పారు? ఒకసారి మెల్లగా అడిగి చూడండి. కొడుకు మీద గౌరవంతో ఆవిడ, భర్త మీద గౌరవంతో మీరు, ఇద్దరూ ఒకే సీటులో కళ్లు మూసుకుంటున్నారేమో. అత్తాకోడళ్లు ఒక మాట మీదికి వస్తే ఆయన ఏం చేస్తారో చూడాలని నాకూ ఉంది.

బాబు విషయంలో మాట ఇచ్చారు కనుక కారు కొనండి, తప్పించుకోకండి. అయితే పద్దెనిమిది నిండిన నాడు తాళం చేతికి ఇవ్వడం కాదు. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి. ముప్పై రోజులకే లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు, కానీ ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తొందరేమీ లేదు, వానలో, చీకట్లో, సాయంత్రం ట్రాఫిక్‌లో, లైసెన్సున్న మనిషి పక్కన ఉండగా ఆ ఆరు నెలలూ నడపనివ్వండి. పక్కన కూర్చునేది మీ వారు కాకపోతే మంచిది, ఆయన మారేదాకా. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది రాత్రి తొమ్మిది తర్వాత కారు లేదు, స్నేహితులను ఎక్కించుకోవడం లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్తగా నడిపే టీనేజీ పిల్లలకు సరిగ్గా ఈ రెండింటి మీదే చట్టంతో హద్దు పెట్టాయి. చీకటీ, పక్కన ఈడు పిల్లలూ తోడైతే ప్రమాదం పెరుగుతుందని వాళ్లకు తెలిసింది. మన చట్టంలో ఆ హద్దు లేదు కాబట్టి అది ఇంట్లో పెట్టుకోవలసిందే. వాడు అలుగుతాడు. అలగనివ్వండి.

ఇవన్నీ తర్వాత. ఈ రోజు సాయంత్రం మీ వారు ఇంటికి వచ్చి కారు తాళాలు బల్ల మీద పెడతారు కదా. అవి తీసుకుని కిందికి వెళ్లండి. ఆ క్లిప్పు ఊడదీసి కొంగున ముడి వేసుకోండి. ఎవరైనా అడిగితే నేనే తీశానని చెప్పండి. కారు ఏ మోడలు కొనాలో మిగిలిన సందేహాలు ఉంటే, ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో రాసి, దాని కింద అడగండి.