ముందు కప్లర్ విప్పి చూడు

బుజ్జీ,

మీ నాన్న కారులో ఇంజిన్ తిరుగుడుని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ నువ్వే మారుస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. దాని గొంతు నిండా భయమే. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు. ఏడేళ్ళప్పుడు మన షెడ్డులో నా పక్కన గొంతుక్కూచుని టార్చిలైటు పట్టుకునేదానివి. దోమలు పీకుతున్నా చెయ్యి కదిపేదానివి కాదు. ఆ పిల్ల ఇవాళ బానెట్ ఎత్తుతానంటే ఈ మావయ్యకి ఎంత సంతోషమో చెప్పలేను. కానీ సెన్సర్ అప్పుడే ఆర్డర్ పెట్టేశావంట! ఏదీ పరీక్ష చెయ్యకుండానే?

స్కానర్లో పీ0335 అనే కోడ్ వచ్చిందన్నావు. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే దానర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్, వైరు, ఆ రెండిటినీ కలిపే కప్లర్, కంప్యూటర్ అన్నీ. బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్టవుతోందంటే సెన్సర్‌ని అనుమానించడం సబబే. అయినా అది అనుమానమేనమ్మా.

2006 ఆగస్టు గోదావరి వరద నీకు గుర్తుండదు. నీళ్ళు తీశాక మా షెడ్డు ముందు బళ్ళు వరస కట్టాయి. అందులో ఒక రిటైరైన హెడ్మాస్టారి కారు. ముందు చక్రాలు మునిగేదాకా నీళ్ళలో రెండ్రోజులు ఉంది. వేడెక్కితే ఆగిపోతోంది. అప్పటికి నా దగ్గర స్కానర్ లేదు. క్రాంక్ సెన్సరే అని తేల్చేసి, కొత్తది తెప్పించి బిగించాను. పాతది తీసేటప్పుడు కప్లర్ లాక్ బిగుసుకుపోయి ఉంది, లోపల పిన్నుల దగ్గర కాస్త పచ్చగా కనపడింది. చూశాను బుజ్జీ. చూసి కూడా, బయట ఇంకో నలుగురు నిలబడి ఉన్నారని అలాగే నొక్కేశాను. తియ్యడంలో, పెట్టడంలో పిన్నులు రాసుకుని కాస్త శుభ్రపడ్డాయి. బండి గుర్రంలా కదిలింది. సెన్సర్ మార్చినందుకే బాగైందనుకుని డబ్బులు తీసుకున్నాను.

పది రోజులకి రాత్రిపూట, వానలో, కాలవగట్టు మలుపులో ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కిపోతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు పనిచేసి, తర్వాత రాయిలా అయిపోతుంది. కంగారులో ఆయన ఆ రెండుసార్లూ నొక్కేశారు. బండి గట్టు దిగి ఒక కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే కింద నిండు కాలవ. మాస్టారి భార్యకి చెయ్యి విరిగింది. మర్నాడు కప్లర్ విప్పితే పిన్నులన్నీ చిలుం. శుభ్రం చెయ్యడానికి పట్టింది పది నిమిషాలు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు, తర్వాత కూడా బండి నా దగ్గరికే తెచ్చారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ గట్టు మీద ఇంజిన్ చప్పుడు ఆగితే నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

అందుకని ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, కప్లర్ విప్పి చూడు. వైరు పట్టుకుని లాగకు, లాక్ నొక్కు. మన కోనసీమ గాలిలో తేమకి చిలుం ఇట్టే పడుతుంది. పడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు. వైరు పొడుగునా వేళ్ళతో తడుము. చేలో ఎలకలు బానెట్లో దూరి వైర్లు కొరకడం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాతే మల్టీమీటర్. రెండు వైర్ల సెన్సరైతే, బండి ఆగిపోయిన వెంటనే, వేడి మీదే ఓమ్స్, అంటే రెసిస్టెన్స్, చూడు. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి, వేడికి తెగిపోతే తప్పు దానిదే. మూడు వైర్లదైతే దానికి ఓమ్స్ పెట్టొద్దు, కప్లర్లో కరెంటు, ఎర్తు వస్తున్నాయో లేదో చూడు. అప్పుడు మాత్రం నెగెటివ్ తగిలించి, కీ ఆన్ చెయ్యాలి.

మార్చడం పెద్ద పని కాదు. మామూలుగా ఒకటే బోల్టు. పాతదాని మొనకి ఇనపరజను అంటి ఉందేమో చూడు, ఓ-రింగుకి, అదే దాని రబ్బరు రింగుకి, చుక్క ఇంజిన్ ఆయిల్ రాయి, బోల్టు మరీ బిగించకు. చివర్లో కోడ్ చెరిపెయ్యి.

కిందకి దూరాల్సొస్తే మాత్రం నా మాట విను. మీ పెరట్లో ఒండ్రునేల, వానకి జాకీ దిగబడిపోతుంది. జాకీ కింద మందపాటి చెక్క వెయ్యి, చక్రాల వెనక దుంగలు పెట్టు, స్టాండు లేకుండా వేలు కూడా కిందకి పెట్టకు. మీ నాన్నని పక్కనే నిలబెట్టు. పని రాకపోయినా ఫరవాలేదు, నిలబడితే చాలు.

అయ్యాక రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఇంటి ముందే నడవనివ్వు. ఆగిపోకపోతే నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చి పక్క సీట్లో కూర్చున్నాకే గట్టు రోడ్డు ఎక్కాలి, తెలిసిందా?

రేపు పొద్దున్న రాజోలు బస్సులో కండక్టరుకిచ్చి నా చిన్న స్పానర్ల పెట్టె పంపిస్తున్నాను. పది నెంబరుది పైనే ఉంటుంది. నువ్వు పట్టుకునే టార్చిలైటు కూడా అందులోనే పెట్టాను. బ్యాటరీలు కొత్తవి వేశాను.

మీ మావయ్య