ఏ ప్రింటు చూశావో ముందు చెప్పు

తమ్ముడూ,

మూకీల మీద నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, దాని గురించి బెంగపడకు. నువ్వు చూసింది ఏ ప్రింటో మాత్రం మూడింట్లో ఎక్కడా రాయలేదు. నిన్నమొన్నటి సినిమాకి ఇది పెద్ద పట్టింపు కాదు. మూకీల్లో ఒకే పేరుతో నాలుగైదు వేర్వేరు సినిమాలు తిరుగుతుంటాయి. నీ తప్పులు చాలావరకు అక్కడే పుట్టాయి.

'గోల్డ్ రష్' చూడు. 1925 నాటి సినిమా అని మొదలుపెట్టి, మూడో పేరాలో చాప్లిన్ గొంతులో వినపడే వ్యాఖ్యానాన్ని మెచ్చుకున్నావు. ఆ గొంతు చేరింది 1942లో. మాటలు రాసి చూపే టైటిల్ కార్డులు తీసేసి, వ్యాఖ్యానం తనే చెప్పి, సంగీతం చేర్చి, గంటన్నర దాటే బొమ్మని 72 నిమిషాలకు కుదించి మళ్ళీ విడుదల చేశాడాయన. నిడివి తగ్గితే తగ్గింది, కథే మారింది. 1925 ప్రింటులో నాయిక జార్జియా క్షమించమని చీటీ రాసింది తన వెంట తిరిగే జాక్‌కి. వాడు నవ్వుకుని, ఆ చీటీ చార్లీకి, అంటే చాప్లిన్ పాత్రకి, చేరేలా చేస్తాడు. పాపం, చార్లీ అది తనకే అనుకుంటాడు. 1942కి వచ్చేసరికి చీటీ నేరుగా చార్లీకే రాసినట్టయింది. చివరి ముద్దూ పోయింది. జార్జియా మనసు గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ రెండో ప్రింటుకి సరిపోతాయి, మొదటిదానికి అతకవు. 1925 అని పైన రాశాక ఆ రెండు పేజీలూ చెల్లవు.

"ఆ రోజుల్లో మనుషులు కీలుబొమ్మల్లా గబగబా నడుస్తారు" అన్నావు. కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకు 16 ఫ్రేములు కావచ్చు, 20 కావచ్చు, ఇంకా ఎక్కువా కావచ్చు. 24 స్థిరపడింది టాకీలతో. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే కదలిక ఒకటిన్నర రెట్లవుతుంది. దీన్ని సర్దడానికి ప్రతి రెండో ఫ్రేమునూ రెండుసార్లు అచ్చువేసిన ప్రింట్లున్నాయి. వాటిలో నడక మామూలుగానే ఉంటుంది గానీ మనిషి ఆగి ఆగి కదిలినట్టుంటాడు. అలాగని ప్రతి హడావిడీ ప్రొజెక్టర్ తప్పూ కాదు. హాస్య నటులు పరుగు సీన్లలో కెమెరాని కావాలనే నెమ్మదిగా తిప్పించేవారు. మిగతా సీన్లలో నడక మామూలుగా ఉండి, ఆ సీను ఒక్కటే పరుగెడితే అది వాళ్ళు కోరుకున్నదే.

నిడివి లెక్క నేర్చుకో. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. అడుగుల్ని 16తో హెచ్చవేసి, సెకనుకు ఎన్ని ఫ్రేములో దాంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. వెయ్యి అడుగుల రీలు 16 వేగంతో 16 నిమిషాల 40 సెకన్లు ఆడుతుంది, 24తో 11 నిమిషాల చిల్లర. 'రాజా హరిశ్చంద్ర' (1913) పొడవు 3,700 అడుగులు. నలభై నిమిషాల సినిమా అని నువ్వూ రాశావు, చాలామందీ రాస్తారు. అది 24 వేగంతో వచ్చే లెక్క. 16తో ఆడిస్తే గంట దాటుతుంది. అందుకే పాత బొమ్మలకు అడుగులో మీటర్లో రాసి, పక్కన వేగం వెయ్యి. మీటరుకు 52న్నర ఫ్రేములు. ఇంకో సంగతి, పుణె ఆర్కైవులో ఉన్నవి మొదటి రీలు, చివరి రీలు మాత్రమే. అవి కూడా దర్శకుడు ఫాల్కే 1917లో మళ్ళీ తీసినదానివని కొందరు చరిత్రకారులు అంటారు. "సినిమా ఆసాంతం" అన్న నీ మాట కొట్టెయ్.

'నోస్ఫెరాటు' (1922)లో పిశాచం పట్టపగలు వీధిలో తిరుగుతోందని, దర్శకుడు ముర్నౌది అజాగ్రత్త అని తేల్చేశావు. అప్పటి ఫిల్ముకి రాత్రి వెలుతురు చాలదు. పగలే తీసి, ఆ ముక్కకి నీలం రంగు ఎక్కించేవారు. చూసేవాళ్ళకి నీలం అంటే రాత్రే. ఆ రంగు పోయిన తెలుపు నలుపు నకలు చూసి ముర్నౌని తప్పుపట్టావు. పైగా ఆ పిశాచాన్ని ఒకచోట ఓర్లోక్ అన్నావు, మరోచోట డ్రాకులా అన్నావు. అనుమతి లేకుండా నవలని సినిమాగా తీశారని, 'డ్రాకులా' రాసిన స్టోకర్ భార్య వేసిన కేసు గెలవడంతో ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని కోర్టు ఆదేశించింది. బతికి బయటపడ్డవాటిలో కొన్ని విదేశీ ప్రింట్ల కార్డుల్లో పాత్రల పేర్లు నవలలోవే పెట్టారు. అంటే నువ్వు రెండు ప్రింట్లు కలిపేశావు.

"నల్లటి పెదాలు, అతి మేకప్" అన్న మాటా ఇలాంటిదే. అప్పట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు, నల్లగా పడుతుంది. నీలం తెల్లగా పడుతుంది, అందుకే ఆకాశం ఖాళీ కాగితంలా ఉంటుంది. 'జోన్ ఆఫ్ ఆర్క్' (1928)లో డ్రేయర్ అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ఫిల్ము వాడి, నటులకు మేకప్ లేకుండా తీశాడు. జోన్‌గా వేసిన ఫాల్కొనెట్టి ముఖం మీద చర్మం చర్మంలా కనపడేది అందుకే. దాన్నీ ముర్నౌ సినిమానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫిల్ము ఎంత, నటన ఎంత అన్నది విడదీసుకోగలుగుతావు.

ప్రింటు కథనే ఎలా మార్చేస్తుందో తెలియాలంటే 'మెట్రోపోలిస్' చూడు. 1927 జనవరిలో బెర్లిన్‌లో చూపింది 4,189 మీటర్లు, 24 వేగంతో 153 నిమిషాలు. తర్వాత అమెరికాలో, జర్మనీలో బాగా కోశారు. శాస్త్రవేత్త రోట్వాంగ్ ప్రేమించిన హెల్ అనే స్త్రీ ప్రస్తావన ఆ కోతల్లో పోయింది. ఆమె లేకపోతే అతని పగకి కారణమే లేదు. దశాబ్దాలపాటు కథలో పొంతన లేదని విమర్శకులు తిట్టింది కత్తెర చేసిన పనిని. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో 16 ఎం.ఎం. నకలు దొరికింది. దాన్నుంచి చేర్చిన షాట్లు గీతలతో, కాస్త కురచగా కనపడతాయి. డిస్కు చూస్తూ ఆ గీతలొచ్చిన ప్రతిచోటా సమయం రాసుకో. ఏది ఎందుకు తీసేశారో ఆ కాగితమే చెబుతుంది.

చూసే పద్ధతి కూడా మార్చుకో. మొదటిసారి సౌండు కట్టేసి చూడు. 'సన్‌రైజ్' (1927) లాంటివి తమ సంగీతంతోనే వచ్చాయి గానీ, చాలా డిస్కుల్లో వినేది ఎవరో తర్వాత కూర్చింది. ఆ ఫిడేలుకి కన్నీళ్ళు పెట్టుకుని దర్శకుడి ఖాతాలో వెయ్యకు. రెండోసారి సంగీతంతో చూడు, కార్డులన్నీ ఎత్తిరాసుకుంటూ.

'భీష్మప్రతిజ్ఞ' వ్యాసం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 1921 నాటి ఆ బొమ్మ దొరకడంలేదు. చూడని సినిమాలో "ప్రకాష్ కెమెరా కోణాలు" ఎలా మెచ్చుకున్నావు? బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటరు కట్టడం, ఆ బొమ్మ తీసిన తన కొడుకు ప్రకాష్‌ని విదేశాలకు పంపి పని నేర్పించడం, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పెట్టడం, ఇవన్నీ రాయదగ్గవి. వాటికే వ్యాసం చాలు. 'తొలి తెలుగు మూకీ' అన్న శీర్షిక కూడా మార్చు. మూకీకి భాషంటూ ఉంటే అది కార్డులది, ఆ కార్డులు నువ్వు చూడలేదు.

ముందు 'గోల్డ్ రష్' తిరగరాయి. 1925 రూపాన్ని మూకీల చరిత్రకారులు బ్రౌన్లో, గిల్ పునర్నిర్మించారు, ఆ ప్రింటే తీసుకో. చీటీ సీను ఒక్కటే రెండు ప్రింట్లలోనూ షాటు వెంట షాటు రాసి పంపు, మిగతా సినిమా జోలికి ఇప్పుడే పోకు.