గేమ్‌లో గుర్రం చచ్చిపోతే నిజంగా ఏడుపెందుకొస్తుంది?

అది బొమ్మే అని తెలిసినా ఏడుపొచ్చేది, అప్పటిదాకా దాన్ని నడిపిందీ కాపాడిందీ మన చేతులే కాబట్టి. కథ కల్పితమే, కానీ మనం పెట్టిన గంటలు, పడ్డ తిప్పలు నిజమే కదా. పర్లాకిమిడిలోనో బరంపురంలోనో హరిశ్చంద్ర నాటకం ఆడితే, కాటిసీను దగ్గర కళ్లు తుడుచుకునేవాళ్లకి చంద్రమతి వేషంలో ఉన్నది పక్కవీధి ఆయనని తెలియక కాదు, తెలిసే ఏడుస్తారు. గేమ్ ఇంకో మెట్టు పైన, ఎందుకంటే అక్కడ మనం చాపమీద కూర్చున్న ప్రేక్షకులం కాదు, కత్తి మన చేతిలోనే ఉంటుంది.

2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే వీడియో గేమ్‌నే తీసుకోండి. గుర్రానికి పేరు మనమే పెడతాం, మేత పెడతాం, బురద బ్రష్‌తో దులుపుతాం, చేసేకొద్దీ మాలిమి అవుతుంది. మామూలుగా అది దెబ్బతిని పడిపోతే లేపడానికి మందుంటుంది. మనం ఆడించే ఆర్థర్ అనే మనిషి కథ చివర్లో, గుర్రం తూటాలు తగిలి కూలినప్పుడు మాత్రం ఆ అవకాశం ఇవ్వరు. వెనక శత్రువులు తరుముతున్నా ఆర్థర్ ఆగి, దాన్ని నిమిరి థాంక్యూ అంటాడు. మన చేతులు ఊరికే ఉండిపోతాయి. అసలు దెబ్బ అక్కడే.

ఇదంతా గ్రాఫిక్స్ మహిమ అనుకుంటారు చాలామంది. కాదు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లో మనుషులు చాలాచోట్ల చెక్కదిమ్మల్లా ఉంటారు, అయినా మన జట్టులో ఉండే ఏరిత్ అనే అమ్మాయి చనిపోయినప్పుడు ఆడినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇక ఏడ్చినవాడికి నిజానికీ ఆటకీ తేడా తెలియదనడం మరీ అన్యాయం.