షింజుకులో తిండి రోడ్డు మీద ఉండదు

చి.ల.సౌ. సుధకు,

పెద్దనాన్న ఆశీస్సులు. అల్లుడి ఆఫీసు పనిమీద టోక్యో వెళ్తున్నారనీ, మీ అత్తగారినీ బాబునీ కూడా తీసుకెళ్తున్నారనీ, హోటల్ షింజుకులో దొరికిందనీ రాశావు. తిండి సంగతే భయంగా ఉందన్నావు. ఆ పక్కనే అన్నేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నన్ను అడగడం సబబే.

ముందు సూట్‌కేసు సంగతి. పులిహోర పొడి, అటుకులు, కందిపొడి నిరభ్యంతరంగా పెట్టుకో. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, నిమ్మకాయలు పెట్టకు, విమానాశ్రయంలో ఆపేస్తారు. మీ అమ్మ అల్లుడి కోసం చికెన్ పచ్చడి పెడతానంటుంది, వద్దని చెప్పు. మాంసం కలిసినదేదీ ఆ దేశంలోకి రానివ్వరు, సీసాకి ఎంత గట్టిగా సీలు వేసినా సరే.

ఇక అసలు మాట. షింజుకులో మనవాళ్ళు తిండికి ఇబ్బంది పడేది హోటళ్ళు లేక కాదు, రోడ్డు మీద వెతకడం వల్ల. స్టేషన్ బయటికి వచ్చి, నియాన్ బోర్డుల వెలుగులో అటూ ఇటూ చూస్తూ నడిస్తే కనిపించేవి పాచింకో అనే జూదపు మిషన్ల హాళ్ళు, మందుల షాపులు, అన్నం మీద గొడ్డుమాంసం వేసిచ్చే గ్యూదోన్ కొట్లు. అక్కడ మంచి భోజనం నేలమాళిగల్లో ఉంటుంది, లేకపోతే పన్నెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు పక్కన ఏ అంతస్తులో ఏముందో నిలువుగా బోర్డు పెడతారు. నడిచేటప్పుడు ఆ బోర్డులు చూడడం అలవాటు చేసుకో.

స్టేషన్ గురించి కూడా ఒక మాట. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ఎక్కి దిగే స్టేషన్ అది. బయటికి దారులు రెండు వందల పైచిలుకు. తూర్పు నుంచి పడమరకి టికెట్ లేకుండా లోపల్నుంచే నడిచే దారి 2020లో తెరిచారు, అంతకుముందు చుట్టూ తిరగాల్సి వచ్చేది. పడమటి వైపు పాత ఒదాక్యూ స్టోరు 2022లో మూసి పడగొట్టారు. ఆ వైపంతా ఇంకా కట్టడాలే, కాబట్టి పాత గైడ్ పుస్తకంలోని పటాన్ని నమ్మకు. ఎక్కడ తినాలో గదిలోనే తేల్చుకుని, ఏ దారిలో బయటికి రావాలో ఫోన్లో చూసుకుని బయల్దేరండి. బాబుకి ఆకలేశాక ఆ జనంలో వెతకడం మొదలుపెడితే చివరికి బర్గర్ దగ్గర తేలతారు.

మాంసం, చేప ముట్టని మీ అత్తగారి సంగతే నిజంగా కష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. జపాన్‌లో మాంసం లేకుండా వండించుకోవచ్చు, చేప లేకుండా చేయించడమే గగనం. ఎండబెట్టిన కత్సుఓ చేపను చెక్కి ఉడకబెట్టిన నీళ్ళే దాషి. మిసో సూప్‌లో అదే, సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులో అదే, ఉదోన్ నూడుల్స్‌లో అదే, ఉడికించిన గుమ్మడికాయలో కూడా అదే. వెయిటర్ మోసం చేసి శాకాహారం అని చెప్పడు, దాషిని చేప కింద లెక్కగట్టడు, అంతే. వెజిటేరియన్ అన్న మాట పట్టుకుని కూర్చోకు. "ఓ నికు మో సకానా మో తబెమాసెన్, దాషి మో దమే దెసు" అని చెప్పమను: మాంసం, చేప తినం, దాషి కూడా వద్దు అని. కాగితం మీద జపనీస్‌లో ముద్రించి చూపిస్తే మరీ మంచిది. దాషి లేకుండా కుదరదని వాళ్ళు చేతులు కత్తెరలా అడ్డంపెట్టి చూపిస్తే నొచ్చుకోకుండా లేచి వచ్చేయండి. ఆ కాదనడం వాళ్ళ నిజాయితీ.

ఆవిడ ధైర్యంగా తినగలిగినవి చెప్తాను. ఉడికించి ఉప్పు చల్లిన ఎదమామె, అంటే పచ్చి సోయా కాయలు. దోసకాయ పెట్టి చుట్టిన సుషీ, కప్పా మకి. చల్లని తోఫు హియయక్కో, కానీ పైన చేప పొట్టు చల్లుతారు, "కత్సుఓబుషి నాషి దె" అని ముందే చెప్పాలి. తెల్లన్నం ఎలాగూ ఉంటుంది. అన్నంలోకి హోటల్ గదిలోంచి తెచ్చుకున్న కందిపొడి బల్ల మీద తీయకండి, బయటి తిండి తెచ్చుకుని తినడం అక్కడ మర్యాద కాదు. గదిలో తినండి, కన్వీనియెన్స్ స్టోరులో వేడి చేసుకునే అన్నం డబ్బాలు దొరుకుతాయి.

తెంపురా మన బజ్జీలకు దగ్గరి చుట్టం. తూర్పు వైపు, పెద్ద స్టోర్ల వెనక సందులో త్సునాహచి అనే పాత కొట్టు ఉంది, 1924లో పెట్టారు. తామర దుంప, వంకాయ, చిలగడదుంప, గుమ్మడి ఒక్కొక్కటీ వేయించి వేడివేడిగా పళ్ళెంలో పెడతారు. పక్కనే ఇచ్చే పులుసులో దాషి ఉంటుంది, ఆవిడకి ఉప్పుతో తినమని చెప్పు. రుచికీ అదే మేలు, నన్నడిగితే. అయితే ఒక సంగతి దాచను: రొయ్యలు వేగేదీ ఆ నూనెలోనే. ఆవిడ ఆ మాత్రం పట్టింపు ఉన్న మనిషైతే తెంపురా ఊసు ఎత్తకు.

మీ అత్తగారికి ధీమాగా ఒక పూట వేడి భోజనం కావాలంటే యమనోతె లైనులో ఒక్క స్టేషన్ వెళ్ళి షిన్ ఓకుబోలో దిగండి. నడిచినా పెద్ద దూరం కాదు. బయటికి కొరియా వాళ్ళ పేట అని పేరు, కానీ స్టేషన్ దగ్గరి సందుల్లో నేపాలీలు, బంగ్లాదేశీలు నడిపే కిరాణా కొట్లు వరసగా ఉంటాయి. కందిపప్పు, బాస్మతి, ఆవాలు, ఇంగువ అన్నీ దొరుకుతాయి. నేపాలీ హోటళ్ళలో దాల్ భాత్ అడగండి: అన్నం, పప్పు, కూర, పచ్చడి. మాంసం లేకుండా ఇమ్మంటే వాళ్ళకు వివరించక్కర్లేదు, హిందీలోనే మాట్లాడొచ్చు. షింజుకులో ఇండియన్ కర్రీ అని బోర్డున్న చోట్ల కూడా నడిపేది ఎక్కువగా నేపాలీలే. అక్కడ వెన్న రాసిన తియ్యటి నాన్ పళ్ళెం దాటి వేలాడుతూ వస్తుంది. బాబుకి నచ్చుతుంది, మీకు ఒక్కసారి చాలు.

ఇండియన్ కర్రీ అన్నాను కనక, నువ్వూ అల్లుడూ తప్పకుండా వెళ్ళాల్సిన చోటు ఒకటుంది. తూర్పు ద్వారం నుంచి కాస్త నడిస్తే నకమురాయ భవనం. 1901లో రొట్టెల కొట్టుగా మొదలై 1909లో షింజుకుకి వచ్చిన వ్యాపారం అది. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడిన కేసులో పోలీసులు వెతుకుతున్న రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరాడు. బ్రిటిష్ వాళ్ళు అప్పగించమని ఒత్తిడి పెడితే, ఈ కొట్టు నడిపే సోమా దంపతులు ఆయన్ని తమ ఆవరణలోనే దాచారు. 1918లో వాళ్ళ పెద్దమ్మాయి తోషికోని ఆయన పెళ్ళి చేసుకున్నాడు. ఆమె 1925లో చనిపోయింది. 1927లో ఆ కొట్లో భోజనశాల పెట్టినప్పుడు, ఇంగ్లండు మీదుగా జపాన్ చేరిన ఆ పిండి కలిపిన కూర కాదు, అసలు భారతీయ కూర వండాలని ఆయన పట్టుబట్టాడు. ఎముకతో ఉన్న కోడి ముక్కలు వేసిన ఆ కూర ఇప్పటికీ వడ్డిస్తున్నారు. భోజనశాల భూమి లోపల రెండో అంతస్తులో, పేరు మన్నా. చవక కాదు. మన నాలుకకి కారం చాలదు. అయినా వెళ్ళండి. సుభాష్ చంద్ర బోస్ పేరు మనింట్లో అందరికీ తెలుసు, ఆయనకి 1943లో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ పగ్గాలు అప్పగించిన ఈ పెద్దమనిషి ఎవరికీ గుర్తు లేడు.

మీ ఇద్దరికీ మిగతా రోజులు ఇబ్బందేమీ లేదు. గొడ్డుమాంసం ఒక్కటే తప్పించుకోవాలి కాబట్టి గ్యూ అన్న మాట గుర్తుపెట్టుకోండి. గ్యూదోన్ కొట్లు సందుకొకటి. హాంబాగు అని వచ్చే ముద్దలో గొడ్డుమాంసం, పంది మాంసం కలిసి ఉంటాయి. జపనీస్ కర్రీ పైకి కూరగాయలే కనిపించినా మసాలా ముద్దలో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు ఉండొచ్చు. కోడి, గుడ్డు కలిపి అన్నం మీద పోసే ఒయకోదోన్, కాల్చిన చేపతో వచ్చే తెయిషోకు, అంటే అన్నం, సూప్ కలిపి ఇచ్చే భోజనం, మీకు సరిపోతాయి. ఓతోయా లాంటి చైన్లలో ఫొటోల మెనూ ఉంటుంది. మధ్యాహ్నం తెయిషోకు వెయ్యి యెన్లకు కాస్త అటూ ఇటూ, అదే కొట్టు రాత్రి వేరే ధరలు చూపిస్తుంది. అందుకే పెద్ద భోజనం పగలు పెట్టుకోండి. చాలా చోట్ల రెండు, రెండున్నరకి మూసేసి మళ్ళీ ఐదింటికి తెరుస్తారు. మూడింటికి తీరిగ్గా భోజనానికి బయల్దేరే మన అలవాటు అక్కడ సాగదు.

రామెన్ గురించి అల్లుడు ఇప్పటికే యూట్యూబ్‌లో చూసి జాబితా రాసుకుని ఉంటాడు. వెళ్ళనీ. తోన్‌కోత్సు అంటే పంది ఎముకల రసం, అది మాత్రం చెప్పు. బాబుని పెట్టుకుని గంటసేపు క్యూలో నిలబడి తినాల్సిన నూడుల్స్ ఎక్కడా లేవని నా అభిప్రాయం. ఆ కొట్లలో గుమ్మం దగ్గర మిషన్‌లో డబ్బులు వేసి టికెట్ తీసుకోవాలి. ఏం నొక్కాలో తెలియకపోతే ఎడమవైపు పైన ఉన్న మొదటి బటన్ నొక్కమను, సాధారణంగా ఆ కొట్టుకి పేరు తెచ్చిన వంటకం అదే. కొన్ని మిషన్లు వెయ్యి యెన్ల నోటే తీసుకుంటాయి. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి, పాత మిషన్లు వాటిని మింగవు. రెండు రకాల వెయ్యి నోట్లూ దగ్గర ఉంచుకోండి.

నలుగురూ కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే దక్షిణం వైపు తకాషిమాయ టైమ్స్ స్క్వేర్‌లో 12 నుంచి 14వ అంతస్తు దాకా వరసగా హోటళ్ళే. గాజు అద్దాల్లో ప్లాస్టిక్ నమూనాలు పెడతారు, వేలు పెట్టి చూపిస్తే చాలు. గుమ్మం దగ్గర కాగితం ఉంటే పేరు, ఎంతమందో రాసి కుర్చీలో కూర్చోండి. మంచినీళ్ళు అడక్కుండానే ఇస్తారు. టిప్పు ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు.

ఎండగా ఉన్న రోజు ఇసెతాన్ అనే పెద్ద స్టోరు నేలమాళిగకి వెళ్ళండి. భోజన పెట్టెలు, సలాడ్లు, ఊరగాయలు, మిఠాయిలు గాజు పెట్టెల్లో అమర్చి ఉంటాయి. కట్టించుకుని పైన మేడ మీది తోటలోనో, షింజుకు గ్యోఎన్ పార్కులోనో తినండి. పార్కు టికెట్ పెద్దలకి 500 యెన్లు, మామూలుగా సోమవారం సెలవు. కట్టించుకున్న తిండికి పన్ను 8 శాతం, కూర్చుని తింటే 10 శాతం. చాలా స్టోర్లలో సాయంత్రం ఏడు దాటాక మిగిలిన పెట్టెల మీద ధర తగ్గించిన చీటీలు అతికిస్తారు.

బాబుకి వేరుశనగ పడదని రాశావు. ప్యాకెట్ తిండి మీద వేరుశనగ ఉందో లేదో రాయడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి. హోటళ్ళకి మాత్రం ఆ నియమం లేదు. రాక్కసెయి అన్నా పీనాత్సు అన్నా వేరుశనగే, ప్రతి చోటా అడుగు. పెద్ద చైన్లలో అలెర్జీ పట్టిక అడిగితే తెచ్చి చూపిస్తారు. చైనా, థాయ్ హోటళ్ళ జోలికి వాణ్ణి తీసుకెళ్ళకు.

రాత్రి సంగతి అల్లుడికి చదివి వినిపించు. పడమటి వైపు ఒమోయిదె యోకోచో అని పొగలు కమ్మిన సన్నటి సందు, యుద్ధం అయ్యాక నల్లబజారుగా పుట్టింది. బొగ్గుల మీద కాల్చిన కోడి ముక్కలు బాగుంటాయి. నెగిమా, మోమో అడిగితే మాంసం ముక్కలే, మోత్సు అంటే పేగులు. ఆరేడు కుర్చీల కొట్లు అవి, మనిషికొక డ్రింక్ చెప్పకుండా కూర్చోకూడదు. అడక్కుండా పెట్టే చిన్న గిన్నెకి కూడా బిల్లు వేస్తారు, దాన్ని ఒతోషి అంటారు, మోసం కాదు. మీ ఇద్దరూ ఒక సాయంత్రం వెళ్ళిరండి. అత్తగారినీ బాబునీ ఆ పొగలోకి తీసుకెళ్ళకండి.

బార్లూ క్లబ్బులూ ఉండే కబుకిచో పేటలో మాత్రం ఒకే సూత్రం. రోడ్డు మీద నిలబడి, ఇంగ్లీషులో నవ్వుతూ, మా దగ్గర ఖాళీ ఉంది, తక్కువ ధర అని పిలిచేవాడి వెంట ఒక్క అడుగు కూడా వేయొద్దు. వాళ్ళ వెంట వెళ్ళొద్దని లౌడ్‌స్పీకర్లలో చెప్తూనే ఉంటారు. మంచి హోటల్‌కి మనిషిని పెట్టి జనాన్ని లాక్కోవలసిన అవసరం ఆ పేటలో లేదు.

నువ్వు నాకు ఒక విషయం రాయాలి. మీ అత్తగారు ఉల్లి, వెల్లుల్లి తింటారా? తిననివారైతే బౌద్ధ గుళ్ళ పద్ధతిలో వండే షోజిన్ భోజనం ఆవిడకి సరిగ్గా సరిపోతుంది. అందులో ఆ రెండూ వేయరు, దాషి కూడా కొంబు నాచుతోనూ పుట్టగొడుగులతోనూ చేస్తారు. అది షింజుకులో వెతకడం కన్నా వేరే పేటలో ముందే బుక్ చేసుకోవడం మేలు, నేను ఫోన్ చేసి మాట్లాడి పెడతాను. పుట్టగొడుగులు తింటారో లేదో కూడా కనుక్కో. వచ్చే వారం లోపు రాస్తే నాకు వీలుగా ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న