మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడిపిన అనుభవం రెజ్యూమెలో రాయొచ్చా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి గేమ్స్ పిచ్చి. రోజూ రాత్రి నాలుగైదు గంటలు ఆడతాను, ఎక్కువగా ర్యాంక్‌డ్ మ్యాచ్‌లు (గెలిస్తే ర్యాంకు పెరిగి, ఓడితే తగ్గే పోటీలు). నా పీసీ నేనే అసెంబుల్ చేసుకున్నాను. ఏడాదికి పైగా ఫ్రెండ్స్ కోసం మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుతున్నాను. మొదట్లో జనం ఎక్కువైతే బాగా ల్యాగ్ వచ్చేది (ఆట ఆలస్యంగా స్పందించేది), ఇప్పుడు రావడం లేదు. మా గ్రూపు కోసం ఒక డిస్కార్డ్ బాట్ (ఆ చాట్ యాప్‌లో తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) కూడా రాశాను. మార్కులు ఒక మాదిరిగా వస్తాయి. కొన్ని నెలలుగా ఉద్యోగాలకు అప్లై చేస్తూనే ఉన్నా ఎక్కడి నుంచీ జవాబు లేదు. ఇంట్లో "అంతా ఆ గేమ్స్ వల్లే" అంటున్నారు. గేమ్స్ పూర్తిగా మానేయాలా? రెజ్యూమెలో గేమింగ్ గురించి రాస్తే చులకనగా చూస్తారా? గేమ్ కంపెనీల్లోనే ప్రయత్నించడం మంచిదా?

జవాబు: మీరు పంపిన రెజ్యూమె చూశాను. ప్రాజెక్టుల కింద లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉంది. హాబీల దగ్గర "గేమింగ్" అని ఒక్క మాట ఉంది. సర్వర్ ఊసే లేదు, బాట్ ఊసూ లేదు. క్లాసులో అందరూ చేసిన ప్రాజెక్టుని ముందు పెట్టి, మీరొక్కరే చేసిన పనిని వదిలేశారు. జవాబులు రాకపోవడానికి నాకు మొదట కనబడిన కారణం ఇదే. ఆ ఒక్క మాట తప్ప మీ గేమ్స్ గురించి అవతలివాళ్లకు ఏమీ తెలియదు, ఇక దాని వల్ల వాళ్లు మిమ్మల్ని పక్కన పెట్టడం ఎక్కడిది?

ముందు ఆ ల్యాగ్ సంగతి మాట్లాడుకుందాం. మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు గానీ, మీ మొత్తం ప్రశ్నలో ఉద్యోగానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే వాక్యం అదే. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 టిక్‌లు (ఆటలోని ప్రపంచాన్ని ఒక అడుగు ముందుకు జరిపే లెక్కలు) నడవాలి, అంటే ఒక్కో టిక్‌కి 50 మిల్లీసెకన్లు. ఆ లోపు పని పూర్తి కాకపోతే టిక్‌లు ఆలస్యమవుతాయి. పగలగొట్టిన బ్లాక్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఆటగాళ్లు గోల పెడతారు. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని రామ్ పెంచడం. కొన్నిసార్లు దానితో సరిపోతుంది. చాలాసార్లు సరిపోదు, ఎందుకంటే గేమ్ ప్రధాన లూప్ చాలావరకు ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకేసారి ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే నడుస్తుంది. దానికి కావలసింది ఆ ఒక్క కోర్ వేగం. పదహారు కోర్లున్న మెషీన్ తెచ్చినా మిగతావి చాలావరకు ఖాళీగా కూర్చుంటాయి. అసలు దోషి ఎవరో పెట్టిన భారీ మాబ్ ఫార్మ్ (ఆటలోని జీవులను గుంపులుగా పుట్టించే కట్టడం) కావచ్చు, ఒక ప్లగిన్ (సర్వర్‌కి అదనంగా తగిలించిన ప్రోగ్రాం) కావచ్చు, వ్యూ డిస్టెన్స్ (ఆటగాడికి ఎంత దూరం కనబడాలన్న సెట్టింగ్) మరీ ఎక్కువ పెట్టడం కావచ్చు, జావా గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) కోసం ఆగే విరామాలు కావచ్చు.

ఇందులో మీ సమస్య ఏది? ఎలా కనిపెట్టారు? ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే టూల్) పెట్టి చూశారా, లాగ్స్ చదివారా, ప్లగిన్‌లు ఒక్కొక్కటే తీసేస్తూ పోయారా? మార్చక ముందు టిక్ ఎంత సమయం తీసుకునేది, మార్చాక ఎంత? ఈ ప్రశ్నలకు జవాబులు మీ దగ్గరే ఉన్నాయి. వాటిని ఒక పేజీలో రాసి పెట్టుకోండి. బ్యాక్‌ఎండ్, క్లౌడ్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల్లో రోజూ జరిగేది ఇదే. అక్కడ ఆటగాళ్ల బదులు కస్టమర్లు గోల పెడతారు, అంతే తేడా.

రెజ్యూమెలోకి వచ్చేసరికి ఆ పేజీ రెండు మూడు లైన్లు కావాలి. ఉదాహరణకు: "లినక్స్ మీద జావా గేమ్ సర్వర్‌ని ఏడాదికి పైగా నిర్వహించాను. ప్రొఫైలర్‌తో ఆలస్యానికి కారణం గుర్తించి సరిచేశాను. రోజూ ఆటోమేటిక్ బ్యాకప్ ఏర్పాటు చేశాను." మీరు నిజంగా చేసినవే రాయండి. బ్యాకప్ అని రాస్తే ఇంటర్వ్యూలో వచ్చే తర్వాతి ప్రశ్న "ఎప్పుడైనా ఆ బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టి చూశారా?" అని. చూడకపోతే ఈ వారమే చూడండి. నిలబెట్టి చూడని బ్యాకప్‌ని అనుభవం ఉన్నవాళ్లు బ్యాకప్‌గా లెక్కలో వేయరు.

సెక్యూరిటీ గురించి కూడా అడగొచ్చు. దానికి మీ రంగం నుంచే గొప్ప ఉదాహరణ ఉంది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో (ప్రోగ్రాంలో జరిగేవి నమోదు చేసే రెడీమేడ్ కోడ్‌లో) బయటపడిన లోపం ప్రపంచమంతటా పెద్ద పెద్ద సంస్థలను ఉరుకులు పరుగులు పెట్టించింది. అది ముందుగా పదిమంది కళ్లలో పడ్డ చోట్లలో మైన్‌క్రాఫ్ట్ ఒకటి. చాట్‌లో ఒక ప్రత్యేకమైన వరుస టైప్ చేస్తే చాలు, అవతలి సర్వర్‌లో తమకు కావలసిన కోడ్ నడిపించగలిగేవారు. మీ సర్వర్ ఏ వెర్షన్ మీద ఉంది, వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల జాబితా) ఉందా, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయి, అప్‌డేట్లు ఎలా పెడుతున్నారు అన్నది చెప్పగలిగితే ఇంటర్వ్యూ తీరే మారిపోతుంది.

బాట్ సంగతి. కోడ్‌ని గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని పదిమందికీ చూపే వెబ్‌సైట్‌లో) పెట్టి లింక్ ఇవ్వండి. పెట్టేముందు ఒక పని మరిచిపోకండి. డిస్కార్డ్ టోకెన్ (బాట్ పాస్‌వర్డ్ లాంటిది) నేరుగా కోడ్‌లో రాసి ఉంటే దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి (కోడ్ బయట ఉండే సెట్టింగ్‌లోకి) మార్చండి, పాత టోకెన్‌ని రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఫైల్‌లో చెరిపేస్తే చాలదు, గిట్ హిస్టరీలో (కోడ్ మార్పుల పాత రికార్డులో) పాతది అలాగే ఉంటుంది. రీడ్‌మీలో (కోడ్‌తో పాటు పెట్టే పరిచయం ఫైల్‌లో) బాట్ ఏం చేస్తుంది, ఎలా నడపాలి, ఇంకా ఏం సరిగ్గా పనిచేయడం లేదు అన్నవి నాలుగు పేరాల్లో రాస్తే చాలు. ఆ మూడోది చాలామంది సిగ్గుపడి దాచేస్తారు. నేనైతే ముందు అదే చదువుతాను.

రాయకూడనివి కూడా ఉన్నాయి. మీ ర్యాంక్, ఆడిన గంటల లెక్క, "గిల్డ్ (గేమ్‌లోని ఆటగాళ్ల బృందం) లీడర్‌గా నాయకత్వ లక్షణాలు అలవడ్డాయి" తరహా వాక్యాలు వద్దు. గిల్డ్‌లో ఇద్దరి మధ్య వచ్చిన గొడవను మీరు ఎలా తీర్చారో ఒక సంఘటన చెప్పగలిగితే దాన్ని ఇంటర్వ్యూ కోసం దాచుకోండి, అక్కడ బాగుంటుంది. పీసీ అసెంబుల్ చేయడం ఐటీ సపోర్ట్ ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు రాయండి, డెవలపర్ ఉద్యోగానికి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇక సరదాకైనా చీట్స్, హ్యాక్స్ లాంటివి రాసి ఉంటే వాటిని ఎక్కడా ప్రస్తావించకండి. తెలివికి మెచ్చుకునేవాళ్లు ఉండొచ్చు గానీ, కస్టమర్లు వాడే ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ చేతికివ్వడానికి వెనకాడతారు.

గేమ్ కంపెనీల విషయంలో మీకు రెండు వైపులా చూపించాలి. ఆశ పుట్టించే వైపు నిజమే. కౌంటర్-స్ట్రైక్ 1999లో హాఫ్-లైఫ్ అనే గేమ్ మీద ఇద్దరు అభిమానులు చేసిన మోడ్‌గా (ఉన్న గేమ్‌ని మార్చి చేసిన కొత్త రూపంగా) మొదలైంది, మరుసటి ఏడాదికే వాల్వ్ కంపెనీ దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. డిజిపెన్ అనే అమెరికా కాలేజీలో కొందరు విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టుగా చేసిన చిన్న గేమ్‌ని చూసి అదే కంపెనీ ఆ బృందం మొత్తాన్నీ ఉద్యోగంలోకి తీసుకుంది, 2007లో వచ్చిన పోర్టల్ అనే గేమ్ అలా పుట్టింది. రెండో వైపు కూడా అంతే నిజం. ఒక్క 2024 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది, గేమ్ ఇంజిన్ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) కంపెనీ యూనిటీ దాదాపు 1,800 మందిని, అంటే తన సిబ్బందిలో నాలుగో వంతుని. పేరున్న గేమ్స్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా మీరు చూస్తున్న ప్రకటనలకే అప్లై చేస్తూ ఉండొచ్చు.

అందుకే గేమ్ కంపెనీల మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దంటాను. మొదటి ఉద్యోగం మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో వచ్చినా పరవాలేదు. నెట్‌వర్కింగ్, సర్వర్లు, డేటాబేస్‌లు అక్కడ నేర్చుకున్నవి ఆన్‌లైన్ గేమ్స్‌కీ అవే. గేమ్‌ప్లే ప్రోగ్రామింగే చేయాలన్న పట్టుదల ఉంటే మాత్రం దానికి వేరే సాధన కావాలి. అన్‌రియల్ ఇంజిన్ అయితే సీ ప్లస్ ప్లస్, యూనిటీ అయితే సీ షార్ప్, కాస్త లీనియర్ ఆల్జీబ్రా. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దక్కేది 16.67 మిల్లీసెకన్లు. గేమ్ లాజిక్, ఫిజిక్స్, రెండరింగ్ అన్నీ ఆ లోపే సర్దుకోవాలి. సర్వర్ టిక్‌లతో కుస్తీ పట్టిన మీకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

దానికి నేను సూచించే దారి గేమ్ జామ్, అంటే తక్కువ గడువులో గేమ్ తయారుచేసే పోటీ. 2002 నుంచి నడుస్తున్న లూడమ్ డేర్‌లో ఒంటరిగా పోటీ పడేవాళ్లకు 48 గంటలు, జట్లకు 72 గంటలు ఇస్తారు. గ్లోబల్ గేమ్ జామ్ 2009లో మొదలైంది, ఏటా జనవరిలో జరుగుతుంది. గోడాట్ లాంటి ఉచిత ఇంజిన్‌తో ఐదు నిమిషాలు ఆడగలిగే చిన్న గేమ్ చేసి, ఇచ్.ఐఓ అనే గేమ్స్ వెబ్‌సైట్‌లో పెట్టి, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దాన్ని ఆడి తిట్టేదాకా రండి. సగంలో ఆగిపోయిన ఓపెన్ వరల్డ్ గేమ్‌లు విద్యార్థుల హార్డ్ డిస్కుల్లో బోలెడు. పూర్తయిన చిన్న గేమ్‌కే విలువ. క్యూఏ టెస్టింగ్ (గేమ్‌లో లోపాలు వెతికే పని) కూడా ఒక ద్వారమే. కానీ "రోజంతా గేమ్స్ ఆడొచ్చు" అనుకుని వెళ్తే ఒకే గోడని నాలుగు వందల సార్లు గుద్దుకుని, ప్రతిసారీ రిపోర్ట్ రాయాల్సి వచ్చేసరికి విసుగు పుడుతుంది. బగ్ ఏ పరిస్థితుల్లో వస్తుందో, ఏ వరుసలో చేస్తే మళ్లీ వస్తుందో ఓపికగా, స్పష్టంగా రాయగలిగితే మాత్రం ఆ ఉద్యోగం మీకు నప్పుతుంది.

ఇక మానేయాలా వద్దా అన్నది. ముందు ఒక తేడా తెలుసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది, అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆటని అదుపులో పెట్టుకోలేకపోవడం, మిగతా అన్నిటికన్నా దానికే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా కొనసాగించడం, వీటి వల్ల చదువో సంబంధాలో గట్టిగా దెబ్బతినడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు సాగడం. ఇవి చదువుతుంటే మీ గురించే రాసినట్టు అనిపిస్తే నాలాంటి కెరీర్ కౌన్సెలర్ దగ్గర కాదు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి మాత్రం నాకు అలా అనిపించలేదు.

మీ చిక్కు వేరు. ర్యాంక్‌డ్ మ్యాచ్‌కి పాజ్ ఉండదు. మధ్యలో వదిలేస్తే పెనాల్టీ, పైగా జట్టువాళ్ల తిట్లు. ఓడితే ఆ పాయింట్లు తిరిగి తెచ్చుకునేదాకా నిద్ర పట్టదు. "ఇంకొక్క మ్యాచ్" అంటే ముప్పావుగంట. అలా రాత్రి రెండింటికి పడుకుని, మర్నాడు పదకొండింటికి సగం నిద్రలో పదిచోట్ల ఒకే రెజ్యూమె పంపిస్తే వాటిలో ఏదీ మీకోసం మాట్లాడదు. ఉద్యోగం వెతికే ఈ కొన్ని నెలలూ ర్యాంక్‌డ్ వారాంతాలకు నెట్టండి. మిగతా రోజుల్లో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసి లేచిపోగల గేమ్స్ ఆడుకోండి. పొద్దున బుర్ర బాగా పనిచేసే రెండు గంటలు అప్లికేషన్లకు, కోడింగ్ ప్రాక్టీసుకు ఇవ్వండి. రోజుకు పది చోట్లకి కాకుండా రెండిటికే అప్లై చేయండి, కానీ ప్రకటన మొత్తం చదివి, వాళ్లు అడిగినదానికి దగ్గరగా ఉన్న మీ పని పైకి వచ్చేలా రెజ్యూమె మార్చి పంపండి. వారం దాటాక ఒక చిన్న మెయిల్‌తో గుర్తు చేయడంలో తప్పేమీ లేదు.

ఇంట్లోవాళ్లతో వాదనకు దిగకండి. ఆ ల్యాగ్ గురించి రాసిన పేజీ ఒకసారి వాళ్లకు చదివి వినిపించండి. సగం అర్థం కాకపోవచ్చు, అయినా ఆ రాత్రుల్లో కొన్నింటిలో మీరు ఏం చేశారో వాళ్లకు తెలియడం అదే మొదటిసారి.

చివరగా మీలాంటివాళ్లకు ప్రత్యేకంగా వేసే వల ఒకటుంది. డిస్కార్డ్‌లో ఎవరో పలకరించి "మా కొత్త గేమ్ టెస్ట్ చేసి పెట్టు, డబ్బులిస్తాం" అని ఒక ఫైల్ పంపుతారు. లేదా రిక్రూటర్ పేరుతో వచ్చి "ఇంటర్వ్యూ టాస్క్, ఈ ప్రాజెక్ట్ రన్ చేసి బగ్ కనిపెట్టు" అంటారు. రన్ చేయగానే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, అకౌంట్ టోకెన్లు వాళ్ల చేతికి పోతాయి. ఉద్యోగం కోసం ఆత్రంగా ఉన్నప్పుడు ఎంత తెలిసినవాళ్లయినా పడిపోతారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగం ఉందో లేదో, మెయిల్ ఆ కంపెనీ డొమైన్ నుంచే వచ్చిందో లేదో చూడండి. అయినా అనుమానంగా ఉంటే ఆ కోడ్‌ని మీ గేమింగ్ పీసీ మీద కాకుండా, మీ అకౌంట్లేవీ లేని వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటర్‌లో) తెరవండి. ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్ అంటూ ఎదురు డబ్బు అడిగిన చోట సంభాషణ అక్కడితో ఆపేయండి.