కెరీర్ కోచ్ ఫీజు అప్పు చేసి కట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలోని ఒక ఫార్మా కంపెనీలో ఎనిమిదేళ్లుగా క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. చేతికి రూ.34,000 వస్తుంది. మా ఆయనకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మొబైల్ షాపు ఉంది. ఒక నెల ఇరవై వేలు వస్తే ఇంకో నెల పది వేలు కూడా రావు. బాబుకి ఐదేళ్లు. నా తర్వాత చేరినవాళ్లకు ప్రమోషన్లు వస్తున్నాయి, నాకు రావడం లేదు. రివ్యూ మీటింగుల్లో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే టెన్షన్. ఆన్‌లైన్‌లో ఒక కెరీర్ కోచ్ వెబినార్ చూశాను. ఆరు నెలలు, 24 సెషన్లు. ఒకేసారి కడితే రూ.80,000, లేదంటే ‘వడ్డీ లేకుండా’ నెలకు రూ.7,500 చొప్పున 12 నెలలు. ఫీజుని పన్ను మినహాయింపు కోసం 80సీ సెక్షన్‌లో చూపించుకోవచ్చన్నారు. సీటు కోసం రూ.2,000 కట్టేశాను. షాపు కోసం నా బంగారం మీద తీసుకున్న లక్షన్నర లోన్ రూపాయి వడ్డీకి నడుస్తోంది, ప్రస్తుతం వడ్డీ మాత్రమే కడుతున్నాం. డిపాజిట్ రూ.80,000 ఉంది. లక్ష రూపాయల చీటీ ఇంకో ఐదు నెలలు కట్టాలి. అన్నీ పోను నెలకు రూ.6,500 మిగులుతుంది. ఈఎంఐ తీసుకోవాలా, చీటీ పాడేసి ఒకేసారి కట్టాలా? మా ఆయన ‘ఇదంతా దండగ’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: దండగ అన్న మాటతో నేను ఏకీభవించను. షాపు కోసం మీ బంగారం తాకట్టు పెట్టినప్పుడు దాన్ని ఇంట్లో పెట్టుబడి అనే అనుకుని ఉంటారు. మీ ఇంట్లో ప్రతి నెలా తప్పకుండా వచ్చే డబ్బు మీ జీతమే. దాన్ని పెంచుకోవడానికి పెట్టే ఖర్చు మాత్రం దండగ ఎలా అవుతుంది? నెలకు ఐదు వేలు పెరిగినా ఏడాదికి అరవై వేలు. మీకింకా పాతికేళ్లకు పైగా సర్వీసు ఉంది. కోచ్ దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మంచిదే. నా అభ్యంతరం ఆ ప్యాకేజీ మీద, అంతకంటే ఎక్కువగా ఆ ఈఎంఐ మీద.

‘వడ్డీ లేదు’ అన్నారు కదా, వాళ్ల అంకెలే వేసి చూద్దాం. ఒకేసారి అయితే 80,000. నెలనెలా అయితే 90,000. ఆ పది వేలే వడ్డీ. ఎనభై వేలకు పది వేలంటే పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే మీరు అసలు తీరుస్తూ వస్తారు, ఏడాది పొడవునా ఎనభై వేలూ మీ దగ్గర ఉండవు. ఆ లెక్కన ఇది నూటికి నెలకు దాదాపు రూపాయి ఎనభై అయిదు పైసల వడ్డీ, ఏడాదికి 22 శాతం. బంగారం లోన్ కంటే ఇంచుమించు రెట్టింపు! ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది.

ఇంకో సంగతి. ఇలాంటి ఈఎంఐలలో సాధారణంగా అప్పు ఇచ్చేది కోచ్ కాదు, వెనకాల ఉండే ఒక ఫైనాన్స్ కంపెనీ. నాలుగు సెషన్ల తర్వాత మీకు నచ్చక మానేసినా, కోచ్ ఫోన్ ఎత్తడం మానేసినా వాయిదా మాత్రం ఆగదు. ఆపితే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోన్ దగ్గర ఇబ్బంది పడతారు. పైగా మీకు మిగిలేది 6,500, వాయిదా 7,500. మొదటి నెలే వెయ్యి రూపాయలు తక్కువ పడుతుంది. షాపు నడవని నెల పరిస్థితి మీకే తెలుసు. ఒకవేళ ఇప్పటికే లోన్ కాగితాల మీద సంతకం చేసేసి ఉంటే ఈరోజే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాలుండే కాగితం తీసి చూడండి. ఆన్‌లైన్ లోన్లకు అది ఇవ్వడం తప్పనిసరి. అందులో ఏపీఆర్ (ఫీజులూ కలుపుకుని ఏడాదికి పడే వడ్డీ శాతం) అన్న చోట అసలు ఖర్చు కనిపిస్తుంది. కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆ లోపు అసలూ, ఆ రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు.

ఇక కోచ్ సంగతి. డబ్బు తీసుకుని పెట్టుబడి సలహాలిచ్చే మాలాంటివాళ్లు 2013 నిబంధనల ప్రకారం సెబీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. కెరీర్ కోచ్‌కి మన దేశంలో అలాంటి లైసెన్సేమీ లేదు. ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకోవచ్చు. అందరూ మోసగాళ్లని కాదు. మంచి కోచ్ మీతో రెండు మూడు నెలలు ఓపిగ్గా కూర్చుని, మీరు ఇన్నాళ్లూ తప్పించుకుంటున్న నిర్ణయం మీరే తీసుకునేలా చేస్తారు. ఆ పని విలువ నాకు తెలుసు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే సంస్థ ఇచ్చే మొదటి స్థాయి అర్హత ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. దాని పై స్థాయి పీసీసీకి అయితే 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎవరికి ఏ అర్హత ఉందో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మీ కోచ్‌ని ఆ ముక్క అడగండి. చిరాకు పడితే అక్కడే వదిలేయండి.

అయితే మీ ఉత్తరంలో ఉన్నది ఒక సమస్య కాదు. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి కావలసింది అలవాటు. మీరు రాసిన ఓఓఎస్ రిపోర్టునే (శాంపిల్ ప్రమాణాలకు తగ్గట్టు రానప్పుడు రాసేది) రోజూ కంపెనీ బస్సులో పక్క సీటు స్నేహితురాలికి పది నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పండి. శాంపిల్ ఎక్కడ ఫెయిలైంది, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఏం చూశారు, కారణం ఏమని తేల్చారు, ఇంతే. రేపు మీటింగులో మీరు మాట్లాడాల్సిందీ అదే. దీనికి సెషన్‌కి మూడు వేల పైన పెట్టనక్కర్లేదు. క్వాలిటీ అష్యూరెన్స్‌కో, రెగ్యులేటరీ విభాగానికో మారాలన్న కోరిక ఉంటే దానికి కావలసింది సబ్జెక్టు. ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మీ కంపెనీలో మీతో పనిచేసి పరవాడ ఫార్మా సిటీకో, హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లలో ఇద్దరితో మాట్లాడితే, ఆడిట్ సమయంలో పైవాళ్లు ఎవరిని ఎందుకు గుర్తుపెట్టుకుంటారో తెలుస్తుంది. ఫార్మా ల్యాబ్ గడప తొక్కని కోచ్ ఇది చెప్పలేరు. హెచ్‌ఆర్‌ని కూడా ఒక మాట అడగండి. కొన్ని కంపెనీలు ఉద్యోగుల శిక్షణకు డబ్బు ఇస్తాయి.

కోచ్‌తో తేల్చుకోవలసినవి ఇవన్నీ పోను మిగిలినవి. ప్రమోషన్ గురించి మేనేజర్ని ఎలా అడగాలి, అడగడానికి ఎందుకు వెనకాడుతున్నాను, బాబు చదువు, షాపు ఇక్కడే ఉండగా వేరే ఊరు వెళ్లగలనా? వీటికి 24 సెషన్లు అవసరమని నేననుకోను. నాలుగు చాలు. వాళ్ల 90,000 లెక్క ప్రకారమే ఒక్కో సెషన్ రూ.3,750 పడుతుంది. విడిగా ఇవ్వమంటే 4,500 అన్నా ఒప్పుకోండి. నెలకు ఒకటి, మీకు మిగిలే 6,500లోంచే. నాలుగు నెలలకు 18,000 దాటదు, ఒక్క రూపాయి అప్పు ఉండదు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య నెల ఉంటే అనుకున్నది చేసి చూడటానికి వీలుంటుంది. రెండో సెషన్‌కల్లా మీరు మేనేజర్ గదిలోకి వెళ్లి ఆ మాట అడిగి ఉండాలి. అడగకపోతే మూడో దానికి డబ్బు కట్టకండి. విడిగా ఇవ్వనంటే ఇంకొకరిని చూసుకోండి.

డిపాజిట్‌ని మాత్రం ముట్టుకోవద్దు. షాపు దెబ్బతిన్న నెలల్లో మిమ్మల్ని నిలబెట్టేది అదే.

80సీ మాట పూర్తిగా తప్పు. ఫీజుల్లో అక్కడ చూపించగలిగేది పిల్లల స్కూలు, కాలేజీ ట్యూషన్ ఫీజే, అదీ పాత పన్ను విధానంలోనే. మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. అబద్ధం చెప్పి అమ్మినవాళ్లు ‘జీతం ఇంత పెరుగుతుంది’ అన్న హామీ కూడా ఇచ్చి ఉంటారు. దాన్ని, రిఫండ్ షరతుల్ని ఈమెయిల్‌లో రాసి పంపమనండి. కట్టిన రూ.2,000 వాపసు అడగండి. రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. రెండు వేలు పోతాయన్న బాధతో ఎనభై వేలు కట్టడం నాకు అసలు ఇష్టం లేదు.

చీటీ ఇప్పుడు పాడకండి. ఐదు నెలలు ముందు పాడితే ఎంతో కొంత తగ్గించుకోవాల్సి వస్తుంది. చివరిదాకా ఉండి వచ్చిన డబ్బు మొత్తం బంగారం లోన్‌కి కట్టేయండి. లక్షన్నర మీద నెలకు 1,500 వడ్డీ కడుతున్నారు, అది ఇంచుమించు 500కి దిగుతుంది. చీటీ వాయిదా 5,000 కూడా ఉండదు కాబట్టి నెలకు 6,000 ఖాళీ అవుతుంది. దాన్ని తొమ్మిది నెలలు లోన్‌కే కడితే మీ బంగారం ఇంటికి వచ్చేస్తుంది. ఈ లెక్క మొత్తం ఒక కాగితం మీద వేసి ఈ ఆదివారం మీ ఆయన ముందు పెట్టండి. ఫీజు సంగతి ఆయనకు తెలియకుండా మాత్రం చేయకండి.