జువెనైల్ బోర్డు కేసు ఉంటే కానిస్టేబుల్ అటెస్టేషన్ ఫారంలో రాయాలా?

రాయి తమ్ముడూ. దాచొద్దు.

పదహారేళ్లప్పుడు కొట్లాట కేసులో జువెనైల్ బోర్డు (పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల కేసులు చూసేది) ముందుకు వెళ్లావు, బోర్డు మందలించి కేసు ముగించింది. ఇప్పుడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యావు. చేరేముందు నీ గతం ఆరా తీయడానికి నింపమనే అటెస్టేషన్ ఫారంలో "మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, అరెస్టయ్యారా" అన్న కాలమ్ దగ్గర ఆగిపోయావు. మీ లాయరేమో "చట్టమే చెరిపేసింది, లేదు అని రాసెయ్" అన్నాడు. నేనూ అదే కాలమ్ ముందు ఒక రాత్రంతా కూర్చున్నవాణ్ని.

నాది ఇంటర్ సెకండియర్‌లో జరిగింది. రెండు గ్రూపుల గొడవలో ఒకతని తల పగిలింది. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచారని ఐపీసీ 324 పెట్టారు. మా గుంపులో నలుగురు మేజర్లు, నేనొక్కణ్నే పదిహేడేళ్లవాణ్ని. నా చేతిలో కర్ర ఉంది, దాన్ని ఎత్తాను కూడా. ఆ మాట మింగేసి నీకు సలహా చెప్పడం నాకిష్టం లేదు. నా కేసు విడదీసి బోర్డుకు పంపారు. వాళ్లు నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి మాట్లాడారు, కౌన్సెలింగ్‌కు పంపారు, మందలించి వదిలేశారు.

మీ లాయరు చెప్పింది అబద్ధమేం కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిది నిండకముందు చేసిన తప్పును ఆ చట్టం కింద తేల్చాక, దానివల్ల ఏ అనర్హతా అంటదు. గడువు తీరాక రికార్డులు ధ్వంసం చేయాలని కూడా అందులోనే ఉంది. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ అంటుంది. పదహారు నిండినవాళ్లు ఘోరమైన నేరం చేసి, చిల్డ్రన్స్ కోర్టు వాళ్లను పెద్దవాళ్లలాగే విచారించి తప్పు తేలిస్తే మాత్రం 24వ సెక్షన్ రక్షణ ఉండదు. నీదీ నాదీ ఆ రకం కాదు.

కానీ "అనర్హత లేదు" వేరు, "కేసే లేదు" అని సంతకం పెట్టడం వేరు. ఫారం అడిగేది శిక్ష పడిందా అని కాదు, కేసు నమోదైందా అని.

ఇంకో సంగతి మా సీనియర్ ఒకాయన చెప్పేదాకా నాకూ తట్టలేదు. చిన్న నేరాల్లో పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు, స్టేషన్ రోజువారీ రిజిస్టరైన జనరల్ డైరీలో రాసుకుంటారు. కానీ పెద్దవాళ్లతో కలిసి చేశారంటే ఎఫ్‌ఐఆర్ కడతారు. బోర్డులో నా ఫైలు చెరిగిపోయినా, ఆ నలుగురి మీద నడిచిన కేసు కాగితాలు మామూలు కోర్టులో అలాగే ఉంటాయి. ఆ ఎఫ్‌ఐఆర్‌లో ఐదో పేరు నాది. ఎంపికైనవాళ్ల గతం ఆరా తీసే స్పెషల్ బ్రాంచ్ పోలీసులు ఎంక్వైరీకి వస్తే స్టేషన్‌లో ముందు కనబడేది అదే. నీ కేసులో మేజర్లున్నారో లేదో నువ్వు రాయలేదు. ఉంటే నా మాట ఇంకా గట్టిగా తీసుకో.

నేను కాలమ్‌లో రాసింది ఇది: "అవును. ఫలానా స్టేషన్, క్రైమ్ నంబరు ఫలానా. సంఘటన నాటికి నా వయసు 17 ఏళ్ల 4 నెలలు. జువెనైల్ జస్టిస్ బోర్డు ఫలానా తేదీ ఉత్తర్వుతో కేసు ముగిసింది. 2015 చట్టం 24వ సెక్షన్ ప్రకారం నాకు అనర్హత లేదు. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, పదో తరగతి మెమో జతచేశాను." అంతే. ఎవరు రెచ్చగొట్టారు, నేనెంత మంచివాణ్ని అని రాయాలనిపిస్తుంది. రాయకు. వయసు లెక్క మాత్రం సంఘటన జరిగిన రోజుకే కట్టు, కేసు ముగిసిన రోజుకు కాదు.

రాసినందుకు నాకు ఇబ్బంది రాలేదని అబద్ధం చెప్పను. నాతో సెలెక్టయినవాళ్లంతా ట్రైనింగ్‌కు వెళ్లిపోయారు, నాకు నోటీసు వచ్చింది. ఐదు నెలలు ఇంట్లో ఉన్నాను. ఫోన్ మోగితే చాలు అమ్మకు టెన్షన్. వివరణలో సుప్రీంకోర్టు 2019 నవంబరు 29న ఇచ్చిన తీర్పు పెట్టాను. కేంద్ర బలగాల్లో ఎస్సై ఉద్యోగానికి ఎంపికైన ఒకతని మీద మైనరుగా ఉన్నప్పటి కేసు ఉంటే, ఆరోపణలు నిజమే అనుకున్నా దాన్ని బట్టి ఉద్యోగం ఆపకూడదని అందులో కోర్టు చెప్పింది. అతను ఫారంలో కేసు సంగతి దాచలేదని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి మరీ పంపాను. ఆరో నెలలో ఆర్డర్ వచ్చింది, తర్వాతి బ్యాచ్‌తో వెళ్లాను.

ఆ బ్యాచ్‌లోనే ఒకబ్బాయి "లేదు" అని రాసి వచ్చాడు. అతనిదీ మైనరప్పటి కేసే, నాదానికన్నా చిన్నది. ట్రైనింగ్ మొదలైన రెండు నెలలకు వెరిఫికేషన్ రిపోర్టు వచ్చింది, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. అతను తన తప్పు గురించి ఒక్క మాట అనలేదు, "రాసి ఉంటే బాగుండేది" అని మాత్రం అన్నాడు. కోర్టుకు వెళ్లాడు, ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. గెలవొచ్చు కూడా. బాల్యంలోని కేసు వివరాలు అభ్యర్థిని అసలు అడగనేకూడదని అలహాబాద్ హైకోర్టు ఒక కానిస్టేబుల్ కేసులో అంది. నా మనసు కూడా అదే న్యాయమంటుంది. అయితే ఉద్యోగ ఫారంలో కేసులు దాచడం గురించిన అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో పెట్టిన నియమాల్లో మొదటిదే, ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాపరికం ఉండకూడదని. చిన్న వయసు చిల్లర తప్పు దాస్తే అధికారి క్షమించవచ్చు అని కూడా అందులో ఉంది, కానీ క్షమించాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంటుంది. నీ ఉద్యోగం అక్కడ పెట్టకు.

ముందు బోర్డు ఆఫీసుకు వెళ్లి ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టు. కేంద్రం 2016 నమూనా నియమాల్లో రికార్డులు ఉంచే గడువు ఏడేళ్లు. అది దాటితే నీకు అనుకూలమైన కాగితం కూడా పోతుంది. ఒకవేళ పోయి ఉంటే, రికార్డు ధ్వంసమైందని రాతపూర్వకంగా ఇమ్మని అడుగు, అదే జతచెయ్యి.

ఇదే ప్రశ్న కింద ఇంకొకరు "నేను ఇప్పటికే లేదు అని రాసిచ్చేశాను" అన్నారు. వెరిఫికేషన్ మొదలవకముందే, పొరపాటు సరిదిద్దుకుంటున్నానని ఒక ఉత్తరం రాసి, కాగితాలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త.